అది టీకా జ్వరం కాదు

నా మెడకు కుడివైపున చింతగింజంత మచ్చ ఉంది. బజారులో ఎదురైన ప్రతివాడూ దాన్ని చూసి, "టీకా వికటించిందంట కదా?" అని అడుగుతున్నాడు. కాదంటే తల ఊపుతాడు. నాలుగు అడుగులు వేసి, ఇంకొకడితో "పాపం, టీకా వల్లే" అంటాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒక్కసారే రాస్తున్నాను.

ఆసుపత్రి పేరు రాయనని మా ఆవిడ లక్ష్మి నాచేత ఒట్టు వేయించుకుంది. వారానికి మూడుసార్లు అక్కడికే వెళ్ళి పడుకోవాలి కదా, వాళ్ళతో ఇంకా గొడవెందుకని ఆమె భయం. అందుకని పేరు రాయడం లేదు. మిగతాదంతా రాస్తాను.

చలికాలం

బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఏళ్ళ తరబడి ఉన్న షుగరు కిడ్నీలను తినేసింది. డయాలసిస్ తప్ప దారి లేదన్నారు. ఎడమచేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. అది బలపడితే మిషను సూదులు ఆ చేతికే గుచ్చవచ్చు. నాకు మొదటిసారి చేసింది పాడైంది. రెండోది బలపడేదాకా అని మెడలోంచి గొట్టం వేశారు. గొట్టం ఉన్నచోట తడి తగలకూడదు. అంటే తలస్నానం లేదు. నెలల తరబడి ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకుంటూ బతికాను.

డయాలసిస్ గది బయట పొడుగాటి బల్ల ఉంటుంది. మా వంతు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. ఆ బల్ల మీద ఒక ఆచారం నడిచేది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉన్నవాడు జేబులోంచి జ్వరం మాత్ర తీసి, గుటకెడు నీళ్ళతో మింగి లోపలికి వెళ్ళేవాడు. జ్వరం ఉందని తెలిస్తే రక్తం పరీక్షలంటారు, డాక్టరుకు ఫోను చేస్తారు, విశాఖ వెళ్ళమంటారు, మిషను ఎక్కడం ఆలస్యమవుతుంది. అప్పటికే కాళ్ళు నీరుపట్టి, ఊపిరి బరువెక్కి వచ్చిన మనిషికి ఆ ఆలస్యం కంటే భయం ఇంకొకటి లేదు. తన దగ్గర మాత్ర లేకపోతే పక్కవాడు ఇస్తాడు. తాంబూలం ఇచ్చినంత మర్యాదగా ఇస్తాడు.

నా పక్క మంచం నూకరాజుది. కె. కోటపాడు దగ్గర చెరకు రైతు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. మొదటిరోజే "బావా" అన్నాడు, నేనూ అన్నాను. ఎర్ర తువ్వాలు ఒకటి ఎప్పుడూ మంచం కమ్మీకి కట్టి ఉంచేవాడు. మంచం తనదని గుర్తు.

గదిలో ఏసీ గాలి సరిగ్గా నా మీదికే కొడుతుంది. మొదటి వారం నుంచీ చెబుతున్నాను. రక్తమంతా బయటికి వెళ్ళి తిరిగి వస్తుంటే మనిషికి మామూలుగానే చలి వేస్తుంది, దాని మీద ఈ గాలి. టెక్నీషియన్ రమణ ఒకరోజు గది అందరికీ వినబడేలా, "సార్‌కి ఏసీ ఒక కంప్లైంటు, ఫ్యాను ఒక కంప్లైంటు, దుప్పటి ఒక కంప్లైంటు. కంప్లైంటు లేకపోతే బీపీ పడిపోద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

"కలెక్టరాఫీసులో అర్జీ ఎట్టు బావా," అన్నాడు నూకరాజు, "సలిని బదిలీ సేసేత్తారు."

వాడూ నవ్వాడు. కానీ ఆ రోజు మిషను దిగాక తన దుప్పటి నా కాళ్ళ మీద కప్పి వెళ్ళాడు. అదీ గుర్తుంది.

కొత్త అమావాస్య ముందు

విశాఖ నుంచి వారానికి ఒకసారి వచ్చే డాక్టరమ్మ ఒకరోజు టీకా సంగతి చెప్పింది. డయాలసిస్ మనుషుల ఒంట్లో కాపలా తక్కువ. మామూలువాడికి దగ్గుతో పోయేది మాకు న్యుమోనియా అవుతుంది, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పాకుతుంది. ఆ క్రిమిని కాచుకోవడానికి టీకా ఉంది. ఎవరో దాతలు ఇప్పించారు, అందరికీ వేస్తాం, అంది.

"కామెర్లకని మొన్న వేశారు కదమ్మా, మళ్ళీ ఎందుకు?" అని ఒకరు అడిగారు.

"అది వేరు, ఇది వేరు. ఒక తాళం రెండు తలుపులకి పట్టదు కదా," అంది డాక్టరమ్మ. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొంచెం వెచ్చదనం ఉండొచ్చని కూడా చెప్పింది.

ఈ మాట చలికాలం మొదట్లోనే ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. మా గది నర్సు రత్నం సిస్టర్ నావైపు చూసిన చూపు రాయడం కష్టం. తలుపు పక్క మంచం నాదైనా, ఆ చివరనుంచి మొదలుపెట్టి చివరికి నా దగ్గరికి వచ్చారు. కావాలనే చేశారు.

నూకరాజు వంతు వస్తే చెయ్యి లాక్కున్నాడు. "ముందు మా బావకెయ్యండి. ఆయనకేటీ అవ్వలేదనుకో, నేను వచ్చే వారం ఏయించుకుంటాను."

"నేను నీకు పందెం కోడినా?" అన్నాను.

"కాదు బావా. నువ్వయితే సీమ కుట్టినా సెప్తావు. ఇంకొకడైతే దాసేత్తాడు. నీ మీద సూత్తేనే నాకు నమ్మకం."

అంత నమ్మకంగా నాతో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఫిస్టులా ఉన్న చేతికి మిషను సూది తప్ప ఇంకేదీ గుచ్చకూడదు, అందుకని కుడిచేతికి టీకా వేయించుకున్నాను. సాయంత్రానికి చెయ్యి కొంచెం లాగింది. మర్నాటికి అదీ లేదు.

జాతర నెల

ఇక్కడినుంచి మా ఇంట్లో ఎవరికీ నచ్చని భాగం.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది మా అప్ప, అంటే మా అక్క. నాకు మెడలో గొట్టం వేసిన రోజున అమ్మవారికి మొక్కుకుంది: ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యనాడు, జాతరకి, తమ్ముడికి తలంటు పోసి, పసుపుబట్టలతో గుడికి తీసుకువస్తానని. ఆ రోజు తెల్లారేసరికి మా ఇంటికి వచ్చి వేపాకు వేసి నీళ్ళు కాచింది.

"మెడ తడవకూడదు అప్పా," అన్నాను.

"తడవదురా. నేనెరగనా?" అని గొట్టం మీద పాలిథీన్ కవరు చుట్టి, దాని మీద తువ్వాలు చుట్టింది. "అమ్మోరికి మొక్కిన మొక్కు. బురద నీల్లు పోత్తన్నానా ఏటి?"

లక్ష్మి గుమ్మంలో నిలబడి, "వదినా, డాక్టర్లు మరీ మరీ చెప్పారు" అంది. అప్ప వినిపించుకోలేదు.

నెలల తర్వాత తల మీద నీళ్ళు పడ్డాయి. హాయిగా ఉందని కూడా రాయాలి. కళ్ళు మూసుకుని ఇంకో చెంబు పొయ్యమన్నాను. కవరు తీసి చూస్తే లోపల దూది తడిసి ఉంది. అప్ప ఆ దూది తీసేసి, తన కొంగుతో అద్ది, కొత్త దూది పెట్టి ప్లాస్టరు అంటించింది. "సిస్టరమ్మకి సెప్పకు. తిడతాది," అంది. గుడికి వెళ్ళాం. ఆ జనంలో, ఆ డప్పుల్లో, అప్ప నా చెయ్యి వదలకుండా పట్టుకుని నడిచింది.

తర్వాత వంతు నాటికి ఒళ్ళు కాలుతోంది. బల్ల మీద కూర్చుని లక్ష్మి నా నుదురు తాకి చూసింది. పక్కనున్నవాళ్ళు ఒక్కమాటగా, "టీకా జ్వరమే. డాక్టరమ్మ ముందే సెప్పింది కదా" అన్నారు. ఎవరో మాత్ర ఇచ్చారు. మింగాను. లోపలికి వెళ్ళేసరికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. జ్వరం చూసే పరికరం ఏమీ చూపించలేదు.

మిషను మొదలైన కాసేపటికి వణుకు వచ్చింది. చలి కాదది. పళ్ళు కొట్టుకున్నాయి, మంచం కదిలింది, నాలుక కరుచుకున్నాను. "రమణా, చలి" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు.

"ఏసీ తగ్గించాను బాబాయ్‌గారూ," అని దూరంనుంచే అన్నాడు. మళ్ళీ పిలిచాను. వచ్చి ఇంకో దుప్పటి కప్పి వెళ్ళాడు. నెలల తరబడి నేను అడిగిన దుప్పటి ఆ రోజు అడగకుండానే వచ్చింది.

అప్పుడు నూకరాజు కేక వేశాడు. "ఒరే రమణా! అది సలి కాదురా! మనిసి నీలంగా అయిపోతన్నాడు, సూడు!"

మిషను ఆపారు. ఆ తర్వాత అంబులెన్సు కప్పు మీద ఒక తుప్పు మరక మాత్రం గుర్తుంది. అది చూస్తూ, ఇదే చివర చూసేదా అనుకున్నాను.

విశాఖలో పెద్దాసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద చాలాసేపు ఉంచారు. లక్ష్మి నా పక్కన కాగితం పరుచుకుని నేల మీద కూర్చుంది. చీడికాడ నుంచి వచ్చిన ఒకామె, తన భర్త లోపల ఉన్నాడట, లక్ష్మికి తన చాప ఇచ్చి తాను గోడకు ఆనుకుని నిలబడింది. నన్ను పక్కకు తిప్పడానికి మనిషి లేకపోతే ఆమే వచ్చి భుజం పట్టింది. పేరు అడగలేదు. మళ్ళీ కనిపించలేదు. అవమానాలు మరిచిపోడని నాకు పేరుంది. ఇలాంటివి కూడా మరిచిపోను.

మెడలోని గొట్టం పీకేశారు. తొడలో వేరేది వేశారు. రోజుల తరబడి నరానికి మందులు ఎక్కించారు. తెలివిలో ఉన్నప్పుడు భయం, లేనప్పుడు పీడకలలు. బెల్లం పెనంలో నన్ను ఉడకబెడుతున్నట్టు ఒకటే కల. ఒకరోజు అక్కడి డాక్టరు వచ్చి గొట్టం దగ్గర ఎప్పుడైనా తడిసిందా అని అడిగాడు. నేను అప్ప వైపు చూశాను. అప్ప కిటికీ వైపు చూసింది. తడిసిందని చెప్పాను.

"అదే అయి ఉంటుంది. ఇది చర్మం మీద ఉండే క్రిమి. గొట్టం పట్టుకుని రక్తంలోకి దిగింది," అన్నాడు.

"టీకా వల్ల కాదా?" అంది లక్ష్మి.

"టీకాకీ దీనికీ సంబంధమే లేదమ్మా. టీకా కాచేది న్యుమోనియా క్రిమిని. ఇది వచ్చిన దారి వేరు."

డాక్టరు వెళ్ళాక అప్ప మొదటిసారి నోరు తెరిచింది. "ఆ మాట బయట అనకురా. అమ్మోరి పేరు సెప్పి పోసిన నీల్లకి రోగమొచ్చిందంటే కల్లు పోతాయి."

టీకాకి చుట్టాలు లేరు, మొక్కులు లేవు. దాన్ని ఎంతమంది తిట్టినా తిరిగి అడిగేవాడు లేడు. నేను మంచం మీద ఉండగానే మా ఊళ్ళో నేరం దాని మీద పడిపోయింది.

వైశాఖం

తిరిగి డయాలసిస్‌కి వెళ్ళిన రోజు బల్ల మీద అందరూ జరిగి నాకు చోటిచ్చారు. "టీకా బావ వచ్చేడు," అన్నాడు నూకరాజు. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్ళు తుడుచుకున్నాడు. "సచ్చిపోయేవనుకున్నాను బావా. ఏసీ మీద అర్జీ ఎవడెడతాడని బెంగెట్టుకున్నాను."

"టీకా వేయించుకున్నావా?"

"పిచ్చా ఏటి? నిన్ను సూసేక కూడానా?"

మొదటిరోజు వేయించుకోకుండా మిగిలినవాళ్ళలో ఎవరూ, నేను లేని ఆ వారాల్లో వేయించుకోలేదట. మందు పెట్టెలో అలాగే ఉంది. డాక్టరమ్మ చెప్పి చెప్పి ఊరుకుందట. నేను అక్కడే, బల్ల మీద, అందరి ముందూ చెప్పాను: నాకు జ్వరం టీకా వల్ల రాలేదు, తలస్నానంలో గొట్టం తడిసి వచ్చింది, మాత్ర మింగి దాచడం వల్ల ముదిరింది.

ఆ రోజు నాకు తోడుగా అప్ప వచ్చింది. నూకరాజు ఆమెను అడిగాడు.

"వదినా, నువ్వు సెప్పు. టీకాయేనా, కాదా?"

అప్ప కొంగు సర్దుకుంది. "అమ్మోరి నీల్లకి రోగమొత్తాదేటి నాయనా? సూదేయించుకున్నాకే కదా వచ్చింది," అంది.

"అప్పా!" అన్నాను.

"అరవకు. ఆయాసమొత్తాది."

నూకరాజు నావైపు తిరిగి, మెల్లగా, బతిమాలినట్టు అన్నాడు. "బావా, ఏమీ అనుకోకు. ఎవుడో ఒకడి మీద నేరం ఎట్టకపోతే నీకు ముద్ద దిగదు. రమణ అయిపోయేడు, సిస్టరు అయిపోయింది, ఏసీ అయిపోయింది. ఇప్పుడు అమ్మోరి మీద పడ్డావు."

బల్లంతా నవ్వింది. జీవితంలో నేను పెట్టిన నేరాల్లో దానికంటే నిజమైనది లేదు. దాన్నే ఎవరూ నమ్మలేదు.

ఆ తర్వాత ప్రతి వంతుకీ వాడితో పోరాను. డాక్టరమ్మ చేత చెప్పించాను. "సెరుకు పని అవనీ, సూద్దాం" అన్నాడు. "నీకేటీ అవ్వకపోతే ఏయించుకుంటానన్నాను. నీకయ్యింది. మాటంటే మాటే," అన్నాడు. ఇంట్లో అప్పతో మాట్లాడడం మానేశాను. లక్ష్మి ఇద్దరి మధ్యా నలిగింది. "ఆవిడ మీ ప్రాణం కోసమే పోసింది," అంది ఒకరోజు. నాకు తెలుసు. తెలియడం వేరు, మరిచిపోవడం వేరు.

సోమవారం అర్జీల రోజున కలెక్టరాఫీసుకు వెళ్ళి జ్వరాల సంగతి రాసి ఇచ్చాను. దాని ఫలితమో, రత్నం సిస్టర్ మనసులో ఏమనుకుందో తెలియదు గానీ, ఇప్పుడు మిషను ఎక్కే ముందు "మాత్ర వేసుకున్నారా?" అని ప్రతివాణ్ణీ అడుగుతున్నారు. నేను చలి అంటే రమణ దుప్పటి తేవడానికి ముందు థర్మామీటరు తెస్తున్నాడు. నాతో మాట్లాడడు. ఫరవాలేదు.

వానలు

ఆషాఢంలో నూకరాజు దగ్గుతూ వచ్చాడు. తడిసిన పొలంలో నిలబడ్డానన్నాడు. మాత్ర వేసుకున్నావా అని సిస్టర్ అడిగితే లేదన్నాడు. వేసుకున్నాడు. వాడు జేబులో చెయ్యి పెట్టడం నేను చూశాను, సిస్టర్‌కి చెప్పేశాను.

"నా మీద కూడా అర్జీయేనా బావా?" అన్నాడు. మాట మధ్యలో ఊపిరి అందక ఆగాడు. వాడు నాతో అన్న ఆఖరి మాట అది.

విశాఖ పంపారు. న్యుమోనియా అన్నారు, రెండు ఊపిరితిత్తులకీ పాకిందన్నారు. తర్వాత వంతుకీ, ఆ తర్వాత వంతుకీ వాడి మంచం ఖాళీగానే ఉంచారు. ఆ పై వంతుకి వాడి భార్య పైడమ్మ వచ్చి కమ్మీకి కట్టిన ఎర్ర తువ్వాలు విప్పి తీసుకువెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నా మంచం దగ్గర ఆగి, "అన్నయ్యా, మంచి టీకానేనా అది?" అని అడిగింది. మంచిదే తల్లీ అన్నాను.

వేయించుకుని ఉంటే బతికేవాడని నేను రాయలేను. డాక్టరమ్మను అడిగాను. ఆ క్రిమే అయి ఉంటే చాలావరకు కాచేది, వేరేదైతే చెప్పలేం, ఖాయంగా ఎవరూ చెప్పలేరు అంది. ఖాయంగా చెప్పగలిగింది ఒక్కటే: వాడు వేయించుకోకపోవడానికి కారణం నా జ్వరం. నా జ్వరానికి కారణం టీకా కాదు.

ఇది చదివే డయాలసిస్ మనుషులకు చెప్పేది ఇదే. గొట్టం ఉంటే మొక్కు అమ్మవారి ముందు ఇంకో రకంగా తీర్చుకోండి. ఆమె కాదనదు. తడిస్తే తిట్లకు వెరవకుండా సిస్టర్‌కి చెప్పండి. జ్వరాన్ని మాత్రతో దాచి మిషను ఎక్కకండి. టీకా వేసిన రోజుల్లో వచ్చిన ప్రతి జ్వరమూ టీకాది అనుకోకండి. మిషను మీద వణుకు వస్తే, వినేదాకా అరవండి.

మొన్న డాక్టరమ్మ మళ్ళీ టీకాలు తెచ్చింది. నూకరాజు మంచం మీద ఇప్పుడు నక్కపల్లి నుంచి ఒకామె వస్తోంది, చిన్న వయసే. ఆమె బల్ల మీద కూర్చుని తోటివాళ్ళను అడుగుతోంది. ఎవరో నా మెడ వైపు వేలు చూపించారు. "అదుగో, ఆయనకి అలా అయ్యింది," అన్నారు.

నేను నోరు తెరవబోయాను. ఎలాగూ నమ్మరని ఆగాను. ఆ రోజు తోడుకి లక్ష్మికి వీలుకాక అప్ప వచ్చింది. బల్ల ఆ చివర, నాకు దూరంగా కూర్చుని ఉంది. అక్కడినుంచే అంది.

"టీకాకి కాదమ్మా. నేను పోసేను నీల్లు. గొట్టం తడిసిపోయింది. ఎవుల్కీ సెప్పొద్దని నేనే అన్నాను."

పైడమ్మ అక్కడ లేదు. నూకరాజు లేడు. అప్ప నావైపు చూడలేదు, నేనూ ఆమె వైపు చూడలేదు. ఆమెను క్షమించానని మా ఇంట్లో అనుకుంటున్నారు. నేనలా అనలేదు.

రత్నం సిస్టర్ టీకా పట్టుకుని వచ్చింది. నక్కపల్లి ఆమె కంగారులో ఫిస్టులా ఉన్న ఎడమచెయ్యే ముందుకు చాపింది. సిస్టర్ అనేలోపే అప్ప లేచి వెళ్ళి ఆ చెయ్యి మెల్లగా కిందికి దించింది.

"మిషను సెయ్యి కాదమ్మా," అంది. "రెండోది సూపించు."